ఉద్దానంలో కరెంటు లైన్లు చూసే మేనల్లుడికి

అల్లుడూ,

పలాస వైపు కరెంటు ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేరావని చెల్లి చెప్పింది. తుపాను పనుల ప్లాన్ గురించి అడిగావట. నాకు తెలిసింది రాస్తున్నాను.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న తీరం దాటాయి. మేలోనూ తుపాన్లు పుడతాయి కానీ మనకి అసలు గండం అక్టోబరే. ఎండాకాలంలో కొట్టించిన కొమ్మలు వానలకి మళ్లీ వైర్ల దాకా లేస్తాయి. డబ్బంతా వేసవిలోనే ఖర్చుపెట్టేయకుండా సెప్టెంబర్‌లో రెండో విడతకి కొంత ఉంచు.

జీడిమామిడికైతే కొమ్మలు కొట్టించొచ్చు. కొబ్బరికి మొవ్వు నరికితే చెట్టే పోతుంది. రైతు ఒప్పుకోడు, అతనిదీ న్యాయమే. అందుకని తోటల మధ్యలోంచి పోయే 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్‌ని రోడ్డు పక్కకి మార్చడానికి ఎస్టిమేట్ పెట్టు. మంజూరు కాకపోతే మళ్లీ ఏడాది మళ్లీ పెట్టు.

స్తంభం పైకి చూసి ఓకే రాసేసే అలవాటు చాలామందికి ఉంది. నువ్వు కింద చూడు. స్తంభం ఒరగకుండా నేలకి లాగి కట్టే తీగని స్టే అంటాం; దాని రాడ్ నేలలోకి దిగే చోట జానెడు తవ్వించు. పైన బాగానే కనిపిస్తుంది, మట్టిలో తుప్పు తిని పుల్లలా మిగిలి ఉంటుంది. స్టేలు లేని పొడవాటి లైన్‌లో ఒక స్తంభం ఒరిగితే వైరు లాగుడికి పక్కవీ వరసగా పడతాయి. మధ్యమధ్యలో ఒక్కో స్తంభానికి నాలుగు వైపులా స్టేలు వేయిస్తే నష్టం ఆ ముక్కతో ఆగుతుంది.

కొత్త స్తంభాలన్నీ ఒకే యార్డులో గుట్ట పోయొద్దు. గెడ్డలకి (వాగులకి) అటూ ఇటూ మెరక మీద కొన్ని కొన్ని దింపించు.

సెల్ టవర్లు ఆగిపోతే వాట్సాప్ ఉండదు. పై జిల్లాల నుంచి వచ్చిన గ్యాంగులకి లైన్‌ని ఆపే ఏబీ స్విచ్ ఏ తోట వెనక ఉందో తెలీదు. ఫీడర్ వారీగా, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే ఒక్కో లైన్ వారీగా, స్విచ్‌లు, స్తంభాల నంబర్లు, ఆసుపత్రి, మంచినీటి పంపు గుర్తులతో కాగితం మీద మ్యాప్ గీయించి లామినేషన్ చేయించు. గ్యాంగుకొక స్థానిక లైన్‌మన్‌ని ఇప్పుడే రాసిపెట్టుకో.

ఇంకోటి, జనరేటర్లు. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో, కల్యాణ మండపాల్లో ఎవరికి చేంజోవర్ స్విచ్ (జనరేటర్‌ని మన లైన్ నుంచి విడదీసేది) లేదో ముందే తిరిగి చూడు. అది లేకపోతే జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి 11 కేవీలోకి ఎక్కుతుంది. లైన్ క్లియర్ (కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) చేతిలో ఉన్నా సరే, టెస్ట్ చేసి, పనిచోటికి రెండు పక్కలా వైర్లని నేలకి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించాకే మనిషిని ఎక్కనివ్వు. ఎవరు ఫోన్ చేసి తొందరపెట్టినా ఇందులో మొహమాటం వద్దు.

దసరాకి రాలేనని అమ్మకి ఇప్పుడే చెప్పేయ్.

మీ మావయ్య