ఎస్-క్లాస్ బెంజి: ఏడు తరాలు, ఏడు ఉత్తరాలు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడు "ఖరీదైన కార్లలో కొత్త తరం వచ్చిందంటారు కదా, నిజంగా ఏమైనా మారుతుందా, లైట్లూ గ్రిల్లూ మార్చి కొత్తదని అమ్ముతారా?" అని అడిగారు. మెర్సిడెస్ బెంజ్ ఎస్-క్లాస్ చరిత్ర చూస్తే జవాబు దొరుకుతుందని రెండు ముక్కల్లో రాసి ఊరుకున్నాను. ఆ రెండు ముక్కలు ఎవరికీ చాలలేదు. వచ్చిన ఉత్తరాల్లోంచి ఏడింటికి ఇక్కడ జవాబులు.

మా రోజుల్లో బెంజి అంటే లారీయే. ఈ ఎస్-క్లాస్ ఎప్పుడు మొదలైంది? ఆ ఎస్ అంటే ఏమిటి?
— లారీల వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పాఠకుడు, విజయవాడ

మీరన్నది అక్షరాలా నిజం సార్. 1954లో టాటాలు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేశారు, 1969 దాకా ఆ ఒప్పందం నడిచింది. అంటే మన పెద్దవాళ్లలో చాలామంది ఆ మూడు కోణాల నక్షత్రాన్ని మొదట చూసింది లారీ ముక్కు మీదే, కారు మీద కాదు.

ఇక ఎస్ సంగతి. జర్మన్‌లో 'జొండర్‌క్లాస్', ప్రత్యేకమైన తరగతి అని అర్థం. కంపెనీ ఈ కార్లకు ఎస్-క్లాస్ అని అధికారికంగా పేరు పెట్టింది 1972లో, డబ్ల్యూ116 అనే మోడల్‌తో. (ఈ డబ్ల్యూ నంబర్లు కంపెనీ లోపల వాడే పేర్లు, తరాలు గుర్తుపట్టడానికి అందరూ వీటినే వాడతారు, నేనూ అవే వాడతాను.) కానీ అసలు కథ 1959లో వచ్చిన డబ్ల్యూ111 నుంచి చెప్పాలి. వెనక చేప రెక్కల్లాంటి అంచులుండే కారు అది. అప్పటిదాకా కారు ఎంత గట్టిగా, ఎక్కడా సొట్ట పడకుండా ఉంటే అంత భద్రం అనుకునేవారు. బేలా బరేన్యీ అనే ఇంజినీరు దీన్ని తిరగేశాడు. ముందు భాగం, వెనక భాగం నలిగిపోవాలి, ఆ నలగడంలోనే దెబ్బ శక్తి ఖర్చయిపోవాలి, మనుషులు కూర్చునే గది మాత్రం చెక్కుచెదరకూడదు అన్నాడు. ఈ రోజు మీ ఇంటి ముందున్న చిన్న కారు కూడా ఈ లెక్కమీదే తయారైంది. గుద్దుకున్న కారు బానెట్ అప్పడంలా నలిగిపోతే "రేకు పల్చన, దండగ బండి" అని తిట్టేస్తాం గానీ, అది నలిగింది కాబట్టే లోపలివాళ్లు నడిచి బయటికొచ్చి ఉంటారు.

పాత బెంజిల మీద 450 ఎస్ఈఎల్ 6.9 లాంటి పేర్లుంటాయి. వాటిని ఎలా చదవాలి?
— పాఠకుడు, రాజమహేంద్రవరం

ఎస్ అంటే ఇందాక చెప్పిన జొండర్‌క్లాస్. ఈ అంటే 'ఐన్‌ష్‌ప్రిట్జుంగ్', అంటే కార్బ్యురేటర్ కాకుండా ఇంధనాన్ని పిచికారీ చేసే ఇంజెక్షన్ పద్ధతి. ఎల్ అంటే 'లాంగ్', వెనక సీటు వాళ్లు కాళ్లు చాపుకోవడానికి పొడుగు పెంచిన బండి. 450 అంటే 4.5 లీటర్ల ఇంజిన్. మరి చివర 6.9 ఎందుకంటే, 1975లో అదే బండిలో ఏకంగా 6.9 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ కూర్చోబెట్టారు, పేరు మార్చకుండా పక్కన ఆ అంకె తగిలించారు. 1993లో అక్షరాన్ని ముందుకు తెచ్చారు. అప్పటినుంచే ఎస్ 320, ఎస్ 500. ఇప్పటి అంకెలు చూసి ఇంజిన్ ఎన్ని లీటర్లో లెక్క కట్టకండి, ఆ లంకె ఎప్పుడో తెగిపోయింది.

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ అన్నీ ప్రపంచంలో మొదట ఎస్-క్లాస్‌లోనే వచ్చాయని వీడియోల్లో చెబుతుంటారు. నిజమేనా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

సగం నిజం తమ్ముడూ, ఆ మిగతా సగం కూడా తెలుసుకోవడం మంచిది. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటును (ఏబీఎస్ అంటే అదే) అమెరికాలో క్రైస్లర్ వాళ్లు 1971లోనే ఇంపీరియల్ కారులో ఇచ్చారు. ఎయిర్‌బ్యాగ్ కూడా అంతే, జనరల్ మోటార్స్ 1970ల మధ్యలోనే కొన్ని కార్లలో అమ్మింది, కొనేవాళ్లు లేక ఆపేసింది. బెంజి గొప్పతనం వేరే చోట ఉంది. 1978లో బాష్ కంపెనీతో కలిసి డబ్ల్యూ116లో పెట్టిన ఏబీఎస్ పూర్తిగా డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌తో పనిచేసేది, నాలుగు చక్రాలనూ చూసుకునేది, రోజువారీ వాడకానికి నిలబడింది. ఇప్పటి ఏబీఎస్‌లన్నీ ఆ దారిలో వచ్చినవే. వాన రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు పెడల్ పాదం కింద టకటకా కొట్టుకుంటుంది చూశావా, అది చెడిపోయిన చప్పుడు కాదు. సెకనులో ఎన్నోసార్లు బ్రేకును వదిలి పట్టుకుంటోంది, అందుకే స్టీరింగ్ నీ మాట వింటోంది. చాలామంది ఆ అదురుకు కంగారుపడి కాలు తీసేస్తారు. తీయకూడదు, తొక్కే ఉంచాలి, తప్పించుకునే వైపు స్టీరింగ్ తిప్పాలి.

ఎయిర్‌బ్యాగ్ విషయంలో కూడా బెంజి తేడా అదే. 1981 నుంచి డబ్ల్యూ126లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఇచ్చినప్పుడు, దాన్ని సీటు బెల్టుకు తోడుగా పెట్టారు గానీ బెల్టుకు బదులుగా కాదు. గుద్దుకున్న క్షణంలో బెల్టు బిగుసుకుని ఒంటిని సీటుకు పట్టి ఉంచే ఏర్పాటు కూడా దాంతోనే వచ్చింది. స్టీరింగ్ మీద ఎస్ఆర్ఎస్ అని రాసుంటుంది కదా, అందులో మొదటి ఎస్‌కు అర్థం "తోడుగా" అనే.

ఒక లెక్క చెబుతాను, నన్ను చాలాకాలంగా బాధపెట్టే లెక్క. ఏబీఎస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది 1978లో, మన దేశంలో అమ్మే అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. అంటే 41 ఏళ్లు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 1981లో వస్తే మనకు తప్పనిసరి అయింది 2019 జులైలో. ఖరీదైన కారులో పుట్టింది మామూలు మనిషి దాకా రావడానికి ఒక తరం మనుషులు పట్టింది, ఆ మధ్యలో పోయిన ప్రాణాలు ఎన్నో.

అందరికీ త్వరగా అందిన సందర్భం ఒకటి ఉంది, దాని వెనక ఒక అవమానం ఉంది. బండి అదుపు తప్పి పక్కకు జారుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే ఈఎస్‌పీ 1995లో ఎస్-క్లాస్ కూపేలో (రెండు తలుపుల బండిలో) మొదట వచ్చింది. 1997లో స్వీడన్‌లో ఒక మోటార్ పత్రిక వాళ్లు, రోడ్డుకు అడ్డంగా దుప్పి వస్తే తప్పించినట్టు, బెంజి వాళ్ల చిన్న కారు ఎ-క్లాస్‌ను ఒక్కసారిగా పక్కకు కోసి చూస్తే అది బోల్తా పడింది. ప్రపంచమంతా చూసింది. కంపెనీ అమ్మకాలు ఆపి, పెద్ద కార్లకే ఉన్న ఈఎస్‌పీని ఆ చిన్న కారులో ప్రతి బండికీ ఇచ్చింది.

అన్ని తరాల్లో మీ దృష్టిలో ఏది గొప్పది? ఏది చెడ్డది?
— పాఠకుడు, తెనాలి

నా మటుకు డబ్ల్యూ126. 1979 నుంచి 1991 దాకా పన్నెండేళ్లు తయారైంది, ఒక్క సెడాన్లే 8 లక్షల 18 వేలు అమ్ముడయ్యాయి, అంతకుముందు డబ్ల్యూ116 నాలుగు లక్షల 73 వేల దగ్గర ఆగింది. ఎందుకింత నచ్చిందంటే, 1973లో చమురు ధరలు మండిపోయాక, ఇక బరువు, దిట్టతనం ఒక్కటే చూపిస్తే సరిపోదని వాళ్లకు అర్థమైంది. బండిని గాలి చీల్చుకుపోయేలా దిద్దారు, బరువు తగ్గించారు, అయినా లోపల గట్టితనం తగ్గనివ్వలేదు. డిజైన్ విభాగానికి పెద్ద బ్రూనో సాకో. కొత్త మోడల్ వచ్చినా పాతది రోడ్డు మీద వెలవెలబోకూడదు అన్నది ఆయన పట్టుదల. ఇవాళ ఒక డబ్ల్యూ126 ఎదురుపడితే చూడండి, తలుపుల కింది భాగమంతా బంపర్ నుంచి బంపర్ దాకా ఒకే వరసలో ప్లాస్టిక్ పలకలు సాగిపోతాయి, గీతలు పడినా రాళ్లు తగిలినా ఆ పలకలే భరిస్తాయి. నలభై ఏళ్లు దాటినా ఆ బండికి ముసలితనం కనిపించదు.

ఆ తర్వాత వచ్చిన డబ్ల్యూ140 గురించి తిట్టాలో పొగడాలో తెలియక జనం ఇప్పటికీ వాదించుకుంటారు. 1987లో బీఎండబ్ల్యూ పన్నెండు సిలిండర్ల కారు దించింది, 1989లో టయోటా వాళ్ల లెక్సస్ ఎల్ఎస్ 400 వచ్చి తక్కువ ధరకే నిశ్శబ్దంగా నడిచి చూపించింది. బెంజి వాళ్లు 1991లో విడుదల చేసినదాంట్లో ఏదీ వదల్లేదు: 6 లీటర్ల వీ12 ఇంజిన్, రెండు పొరల కిటికీ అద్దాలు, సగం వేసి వదిలేస్తే చివరి చిన్న సందును తనే లోపలికి లాక్కుని చప్పుడు లేకుండా మూసుకునే తలుపులు. రివర్స్ గేరు వేయగానే వెనక రెండు మూలల నుంచి రెండు సన్నటి కడ్డీలు లేచి నిలబడతాయి, డిక్కీ ఎక్కడిదాకా ఉందో డ్రైవర్‌కు తెలియడానికి! కెమెరాలు, సెన్సార్లు లేని రోజుల్లో ఆ ఆలోచన చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ బండి ఎంత వెడల్పయిందంటే, జర్మనీలో సిల్ట్ దీవికి కార్లను మోసుకెళ్లే రైల్లో ఇరుక్కునేంత ఇబ్బంది. ఆర్థికమాంద్యం రోజులు కావడంతో ఇంత ఆర్భాటం ఎందుకని జర్మన్లే విమర్శించారు. అమ్మకాలు డబ్ల్యూ126లో సగం దగ్గర, నాలుగు లక్షల పైచిలుకు వద్ద ఆగాయి.

ఆ విమర్శలు మనసుకు పట్టించుకుని 1998లో డబ్ల్యూ220 తెచ్చారు. సన్నగా, తేలిగ్గా, చూడముచ్చటగా ఉంటుంది. గాలి బుడగల మీద నడిచే ఎయిర్‌మాటిక్ సస్పెన్షన్, ముందు బండితో దూరం పాటించే రాడార్ క్రూజ్ దీంట్లోనే వచ్చాయి. కానీ మొదటి ఏళ్ల బండ్లకు చక్రాల పైన తుప్పు, ఎలక్ట్రానిక్స్ గొడవలు చాలా దేశాల్లో చెడ్డపేరు తెచ్చాయి. బెంజికి తుప్పా! డబ్ల్యూ126 చూసినవాళ్లకు అది మింగుడుపడలేదు. చెడ్డది ఏదంటే నేను దీన్నే చెబుతాను, అందులోనూ మొదటి నాలుగేళ్ల బండ్లను. 2005లో వచ్చిన డబ్ల్యూ221 ఆ పేరు చాలావరకు కడిగింది, మళ్లీ దిట్టంగా కనిపించింది.

పోయిన నెల పాఠకుడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. లైట్లు, గ్రిల్లు పైపై మాట. లోపల మాత్రం ప్రతి తరమూ దాని ముందు తరం చేసిన తప్పుకు చెప్పుకున్న సమాధానం.

అమెరికాలో మా ఇంటి దగ్గర ఒకాయన 1979 నాటి 300 ఎస్‌డీ డీజిల్ బెంజి ఇప్పటికీ నడుపుతున్నాడు. అంత ఖరీదైన కారుకు డీజిల్ ఏమిటి?
— పాఠకురాలు, న్యూజెర్సీ

చట్టం వల్లనండి. 1970ల చివర్లో అమెరికా ప్రభుత్వం, కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీ ఇంతకు తగ్గకూడదని నిబంధన అమల్లోకి తెచ్చింది. పెద్ద పెట్రోల్ ఇంజిన్లతో ఆ సగటు కుదరదు. అందుకని 1978లో డబ్ల్యూ116లో అయిదు సిలిండర్ల టర్బో డీజిల్ పెట్టి ఒక్క ఉత్తర అమెరికాలోనే అమ్మారు. టర్బో డీజిల్‌తో తయారై అమ్ముడైన మొదటి ప్యాసింజర్ కారు అదే. నెమ్మదిగా కదులుతుంది, ఏళ్ల తరబడి నడుస్తుంది. వీలైతే మీ పొరుగాయన్ను అడిగి ఒకసారి ఎక్కండి.

ఢిల్లీ నుంచి వచ్చిన 2011 నాటి ఎస్-క్లాస్ డీజిల్, కొత్త చిన్న కారు ధరకే ఇస్తామంటున్నారు. కొనమంటారా?
— పాఠకుడు, ఖమ్మం

తొందరపడకండి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు, అందుకే అక్కడి మంచి బండ్లు కూడా ఎన్‌ఓసీ తీసుకుని చవగ్గా మన వైపు వస్తుంటాయి. చవగ్గా వస్తోందంటే చెడ్డదని కాదు. అయితే ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కట్టాలి, పదిహేనేళ్లు నిండితే రెన్యువల్ ఖర్చు వేరే ఉంటుంది. ముందు ఆర్టీఏ ఆఫీసుకెళ్లి ఈ మొత్తం ఎంతో తేల్చుకోండి.

తర్వాత బండి. అమ్మేవాణ్ణి ఒప్పించి చదునైన చోట రాత్రంతా నిలిపి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మీరే వెళ్లి చూడండి. నాలుగు చక్రాలకూ, మడ్‌గార్డ్ అంచుకూ మధ్య సందును చేతి వేళ్లతో కొలవండి. ఒక మూల కుంగి ఉందంటే ఎయిర్ సస్పెన్షన్‌లో గాలి కారుతోందని అర్థం. స్టార్ట్ చేశాక కంప్రెసర్ చప్పుడు ఆగకుండా వస్తుంటే అది కూడా అలిసిపోయినట్టే. సాయంత్రం వెళ్తే ఇవేవీ కనబడవు, అప్పటికే బండిని లేపి నిలబెట్టి ఉంటారు.

కొన్న ధర పాతదే అయినా విడిభాగాల ధర కొత్త ఎస్-క్లాస్‌దేనని మర్చిపోకండి. కొనగా ఇంకో మూడో వంతు డబ్బు పక్కన పెట్టుకోగలిగితేనే ముందుకెళ్లండి. అప్పు చేసి మాత్రం వద్దు, నా మాట వినండి.

మావారు ఈమధ్యే ఎస్-క్లాస్ తీసుకున్నారు. డ్రైవరే నడుపుతాడు, మేం వెనకే కూర్చుంటాం. ఇన్ని ఎయిర్‌బ్యాగులున్న కారులో వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకోవాలా అని ఆయనతో రోజూ గొడవే.
— గృహిణి, గుంటూరు

పెట్టుకోవాలమ్మా, ఇందులో రెండో మాట లేదు. 2020లో వచ్చిన ఇప్పటి తరం, డబ్ల్యూ223లో ముందు సీటు వీపులోంచి వెనకవాళ్ల కోసం తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ కూడా ఇస్తున్నారు. కానీ ఇందాక చెప్పాను కదా, అది బెల్టుకు తోడు మాత్రమే. 1997లో పారిస్ సొరంగంలో ప్రమాదంలో చనిపోయినప్పుడు బ్రిటన్ యువరాణి డయానా ప్రయాణించింది డబ్ల్యూ140 ఎస్-క్లాస్‌లోనే. ఆ కాలానికి అంతకంటే దిట్టమైన కారు దొరకడం కష్టం. ఆమె వెనక సీట్లో ఉన్నారు, ఆ కారులో నలుగురిలో ఒక్కరూ బెల్టు పెట్టుకోలేదని దర్యాప్తులో తేలింది. మన చట్టం ప్రకారం కూడా వెనక కూర్చున్నవాళ్లకు బెల్టు తప్పనిసరి, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

ఇంకో మాట. మన దగ్గర కొత్త కారు కొనగానే సీట్లకు కవర్లు కుట్టిస్తారు, వెనక బెల్టు బకిళ్లు ఆ గుడ్డ కింద కూరుకుపోతాయి. పెట్టుకుందామన్నా చేతికి అందవు, మెల్లిగా అలవాటు తప్పుతుంది. రేపు బండి తీసేలోపు మీరే ఆ కవరు పైకెత్తి బకిళ్లు బయటికి తీసి పెట్టండి. వారు వచ్చి కూర్చోగానే బెల్టు చేతికివ్వండి.