పలెర్మోలో పానెల్లె బన్ను అడిగేముందు

ప్రశ్న: అక్కా, నేను ఎమ్మెస్‌కి ఇటలీలో సిసిలీ దీవిలోని పలెర్మో వచ్చి మూడు వారాలైంది. మాది ఖమ్మం. చికెన్, మటన్ తింటాను, బీఫ్ తినను. నా రూమ్మేటు పూర్తి శాకాహారి. పాత బజార్లలో శనగపిండితో చేసిన బన్ను దొరుకుతుందంటున్నారు. తినొచ్చా? భాష రాదు, ఏది అడిగితే ఏం పెడతారోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తినొచ్చు తమ్ముడూ, ఇద్దరూ హాయిగా తినొచ్చు. దాన్ని పానె ఎ పానెల్లె అంటారు. నేనొచ్చిన కొత్తలో నెలాఖరు రోజులన్నీ దాని మీదే గడిచాయి. టూరిస్టులు తిరగని వీధుల్లో ఇప్పటికీ రెండు మూడు యూరోలకి కడుపు నిండుతుంది.

శనగపిండి అనగానే బజ్జీ ఊహించుకోకు. పిండిని ఉండలు లేకుండా నీళ్లలో కలిపి, ఉప్పు వేసి, పొయ్యి మీద పెట్టి సంకటి గెలికినట్టు గెలుకుతారు. చెయ్యి ఆపితే అడుగంటుతుంది. ముద్దయ్యాక మన కొత్తిమీరలా ఉండే పార్‌స్లీ తరుగు వేసి, వేడి మీదే పల్చగా పరిచేస్తారు. చల్లారి గట్టిపడ్డాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. పైన పెళుసు, లోపల వెన్నలా మెత్తన. ఆ ముక్కలు ఓ గుప్పెడు నువ్వులద్దిన రొట్టెలో సర్ది, నిమ్మకాయ పిండి, కాస్త ఉప్పు, మిరియాల పొడి చల్లుతారు. అంతే. క్రొక్కె కూడా కావాలంటే పక్కన చేరుస్తారు. అవి బంగాళాదుంప ముద్దని వేలంత చుట్టి వేయించినవి. నువ్వుల్ని సిసిలీ మాటలో జుజ్జులేన అంటారు, అది అరబ్బీ నుంచి వచ్చిన మాట. 9వ శతాబ్దంలో అరబ్బులు ఈ దీవిని పట్టుకున్నారు కదా, పానెల్లె కూడా వాళ్ల కాలం నాటిదేనని ఇక్కడివాళ్లు గట్టిగా చెబుతారు.

ఇక నీ టెన్షన్ సంగతి. అది ఉత్తదేం కాదు. నేను దిగిన రెండో వారంలో ఒక పాత కొట్టుకి వెళ్లాను. ముందున్నాయన చేతిలో బన్ను, దాని మీద తెల్లగా జున్ను తరుగు. చూడ్డానికి పనీర్‌లా ఉంది. వేలు పెట్టి చూపించి అదే ఇమ్మన్నాను. ఒక కొరుకు కొరికాక గానీ కింద నల్లగా ఏదో మెత్తటి మాంసం ఉందని తెలీలేదు. లేగదూడ ప్లీహం. మీ వైపు మటన్ కొట్లో తిల్లి అంటారే, అదే, కాకపోతే దూడది. ఊపిరితిత్తుల ముక్కలు కూడా కలిసి ఉంటాయి. ముందు ఉడికించి, తరువాత పంది కొవ్వులో వేయిస్తారు. అంటే బీఫ్ తినని మనకీ కుదరదు, పంది ముట్టని ముస్లిం మిత్రులకీ కుదరదు. కొట్టువాడి తప్పేం లేదు, అడగకుండా వేలు చూపించింది నేనే.

దాని పేరు పానీ కా మెఊసా. బోర్డు ఇటాలియన్‌లో ఉంటే మిల్త్సా అన్న మాట కనబడుతుంది. ఉత్త మాంసం, నిమ్మకాయ అయితే స్కెత్త, అంటే పెళ్లికానిది. పైన రికోత్తా, కాచోకవాల్లో జున్ను పడితే మరితాత, పెళ్లయినది. నన్ను మోసం చేసింది ఆ పెళ్లయినదే! ఇది యూదు కసాయివాళ్ల నుంచి వచ్చిందంటారు. కోత పనికి డబ్బు పుచ్చుకోవడం వాళ్ల ఆచారం ఒప్పుకోదు కాబట్టి కూలి కింద లోపలి భాగాలు తీసుకుని, వండి అమ్ముకునేవారట. 1492లో స్పెయిన్ రాజుల ఆజ్ఞతో యూదులు దీవి విడిచిపోవాల్సి వచ్చినా, తిండి మాత్రం ఇక్కడే ఉండిపోయింది. సాన్ ఫ్రాంచెస్కో చర్చి ఎదురుగా 1834 నుంచి నడుస్తున్న అంతీకా ఫొకచ్చెరియా ఉంది. తినకపోయినా ఓసారి లోపలికెళ్లి చూడు. రౌడీ మామూలు కట్టేది లేదని కోర్టు దాకా వెళ్లిన కొట్టు అది. ఇక్కడ ఆ మామూలుని పిత్సో అంటారు. కొన్ని దుకాణాల తలుపు మీద అద్దియోపిత్సో స్టిక్కర్ కనిపిస్తే, వాళ్లు మామూలు ఇవ్వరని అర్థం. నేను సాధ్యమైనంత వరకు అక్కడే కొంటాను.

బోర్డు అర్థం కాకపోతే బాణలి చూడు. మెఊసా బాణలి ఏటవాలుగా ఉంటుంది, మాంసం పై అంచున, కొవ్వు కింద. పానెల్లెది లోతైన నూనె మూకుడు. రూమ్మేటు కోసం మాత్రం "నెల్లో స్తెస్సో ఓలియో?" అని అడుగు, అంటే మాంసం వేయించేది కూడా అదే నూనెలోనా అని. నూనె వేరే అని తేలితేనే కొనండి. "స్త్రుత్తో" అన్న మాట కూడా గుర్తుంచుకోండి, పంది కొవ్వు. బేకరీల్లో మెరిసే మెత్తటి కార బన్నుల పిండిలో అది కలుపుతారు, కన్నోలి అనే మిఠాయి గుల్లలో కూడా. అన్నిటికంటే పెద్ద గోతి అరంచీనా. బియ్యంతో చేసిన ఉండ, "అల్ బుర్రో" అంటే వెన్నతో అని రాసి ఉంటుంది. మన పిల్లలు వెన్నే కదా అని కొంటారు. లోపల హామ్, అంటే పంది మాంసం ఉంటుంది!

నీకు మాత్రం ఒక మంచి కబురు. సాయంత్రం బొగ్గుల పొగ వస్తున్న చోటికి వెళ్తే స్తిగ్గియోలా దొరుకుతుంది. గొర్రెపిల్ల పేగుల్ని ఉల్లికాడ చుట్టూ చుట్టి కాలుస్తారు. బోటీ తినేవాడివైతే ఇంటి మీద బెంగ సగం తగ్గుతుంది. కొందరు దూడ పేగులు వాడతారు, "అన్యెల్లో?" అని, అంటే గొర్రెపిల్లదేనా అని అడిగి తీసుకో. మూడు చక్రాల బండి మీద అమ్మే స్ఫించోనె రొట్టెలో ఆంచోవీ చేప ఉంటుంది, రూమ్మేటుకి వద్దు. ఆ బండి మన ఊళ్లో తిరిగే ఆపె ఆటోనే, పియాజియోదే. మైకులో "నూనె తక్కువ, దుమ్ము ఎక్కువ" అని సిసిలీ భాషలో అరుస్తూ అమ్ముతారు, తమాషాకి.

డిసెంబర్ 13న పానెల్లె బన్ను మీద ఆశ పెట్టుకోకు. సాంతా లూచియా పండగ, ఆ రోజు ఇక్కడివాళ్లు గోధుమ రొట్టె, పాస్తా ముట్టరు. పానెల్లె ఉంటాయి గానీ ఉత్తవే తింటారు, అరంచీనా కొట్ల ముందు క్యూలు వీధి మలుపు దాకా వెళ్తాయి.

మొదటిసారి మధ్యాహ్నం ముందే బాల్లారో మార్కెట్‌కి వెళ్లండి, వేడివేడిగా దొరుకుతాయి. నంజుకోవడానికి పచ్చిమిర్చి ఉండదు. జేబులో చిన్న పొట్లం కారప్పొడి పెట్టుకెళ్లు. నేను ఇప్పటికీ పెట్టుకెళ్తాను, మా వీధి బండాయన ఓసారి రుచి చూసి మంచినీళ్లు తాగి, మళ్లీ కొంచెం అడిగాడు.