విమానం రివర్స్ ఇంజిన్లతో తనంతట తానే గేటు దగ్గర్నుంచి వెనక్కి రాలేదా? ట్రాక్టర్ ఎందుకు నెట్టాలి?

రాగలదు. అమెరికాలో 1980ల్లో డీసీ-9, ఎండీ-80 రకం విమానాలు చాలా గేట్ల నుంచి అలాగే బయల్దేరేవి. ఆ పద్ధతిని పవర్‌బ్యాక్ అనేవారు. బెంగళూరులో మీరెక్కే ఏ320 విమానాన్ని మాత్రం ట్రాక్టరే (మేం టగ్ అంటాం) నెడుతుంది. అక్కడి దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో కొన్నేళ్లు ర్యాంప్ (గేట్ల దగ్గర విమానాలు ఆగే చోటు) మీద పనిచేశాను కాబట్టి చెబుతున్నా.

రివర్స్ అంటే ఇంజిన్ ఉల్టా తిరగడం కాదు. వెనక్కి పోయే గాలికి అడ్డం పెట్టి ముందుకు మళ్లిస్తారు, అంతే. ఆ పాత విమానాల ఇంజిన్లు తోక పక్కన, ఎత్తులో ఉండేవి. ఏ320వి రెక్కల కింద, నేలకు దగ్గరగా వేలాడుతుంటాయి. నిలబడ్డ చోటే రివర్స్ వేస్తే కింద ఉన్న చెత్తంతా ముందుకు లేచి, తిరిగి అదే ఇంజిన్‌లోకి పోతుంది. ఆ చెత్త ఏముంటుందంటారా? సూట్‌కేసుల నుంచి ఊడిన చక్రాలు, తాళంకప్పలు, బ్యాగు జిప్పుల ముక్కలు. షిఫ్టు మొదట్లో వరసగా నడుస్తూ వంగి ఏరుకునేవాళ్లం. ఒక్క చక్రం చాలు, ఫ్యాన్ బ్లేడు పాడవడానికి. ఇక ఎదురుగా టెర్మినల్ అద్దాలు, పక్కన సామాన్లు ఎక్కించే మనుషులు సరేసరి.

అన్నిటికన్నా ప్రమాదం బ్రేకుతో. వెనక్కి దొర్లుతున్న విమానానికి గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు లేచి తోక నేలకు కొట్టుకోవచ్చు. అందుకే పవర్‌బ్యాక్‌లో పైలట్లు బ్రేకు ముట్టుకోకుండా, ఇంజిన్లతో ముందుకు తోసి ఆపేవారు. పైగా పైలట్‌కి వెనక ఏముందో కనిపించదు, కింద ఒకడు చేతులూపుతూ చెప్పాల్సిందే. అంత తతంగానికి ఇంధనం ఖర్చు కూడా తక్కువేం కాదు.

టగ్‌తో అయితే ఈ గొడవేం లేదు. హెడ్‌సెట్ పెట్టుకున్నతను పైలట్‌తో మాట్లాడుతూనే ఉంటాడు. నెట్టడం అయ్యాక ముందు చక్రం దగ్గర పెట్టిన ఎర్ర రిబ్బన్ పిన్ను తీసి, పక్కకొచ్చి, పైకెత్తి చూపిస్తాడు. ఆ పిన్ను ఉన్నంతసేపూ ముందు చక్రం పైలట్ చేతిలో తిరగదు, అందుకే తీసేశానని చూపించడం. కిటికీ దగ్గరి పిల్లలు అది తమకు టాటా అనుకుంటారు!

మన వాయుసేన సీ-17 రవాణా విమానం మాత్రం ఇప్పటికీ రివర్స్‌తో తనంతట తానే వెనక్కి వస్తుంది. ఇంజిన్లు రెక్కల కిందే ఉన్నా, అది గాలిని పైకీ ముందుకూ మళ్లిస్తుంది కాబట్టి దుమ్ము అంతగా లేవదు.