ఆ నవలలోని అతను ఎవరు?

ప్రశ్న: నాకు యాభై తొమ్మిదేళ్ళు. తెనాలిలో ఉంటాం. మావారు విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన నవలలు లెక్కల పుస్తకంలో దాచుకుని చదివేదాన్ని. పంతొమ్మిదో ఏట పెళ్ళయ్యాక ఆ అలవాటు పోయింది. మూడేళ్ళ క్రితం ఫోనులో తెలుగు టైపు చేయడం నేర్చుకుని, కలం పేరుతో ఒక యాప్‌లో ప్రేమ నవలలు రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు మూడోది నడుస్తోంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇందులో నాయిక యాభై రెండేళ్ళ లెక్చరర్, భర్త పోయినావిడ. పక్కింట్లోకి వచ్చిన రిటైర్డ్ డాక్టరుతో స్నేహం మెల్లగా ప్రేమ అవుతుంది. పోయిన నెల మా అమ్మాయి స్నేహితురాలు అది చదువుతూ, నాయిక కూతురి నిశ్చితార్థం తప్పిపోయే ఘట్టం దగ్గర అనుమానం వచ్చి మా అమ్మాయికి పంపింది. ఆరేళ్ళ క్రితం అమ్మాయికి జరిగిందే నేను రాశాను. ఇప్పుడు తను పెళ్ళయి హైదరాబాదులో ఉంటోంది. "నా కథ ఊరందరికీ పంచావా అమ్మా" అని ఏడ్చి ఫోను పెట్టేసింది. అబ్బాయి డాలస్ నుంచి "ఈ వయసులో ఈ రాతలేమిటి, తలెత్తుకోగలమా" అన్నాడు. మావారు రెండు రాత్రులు కూర్చుని నవల మొత్తం చదివి ఒకే ప్రశ్న అడిగారు: "అతను ఎవరు?" ఎవరూ లేరంటే నమ్మలేదు. పదహారు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఆయన చెడ్డవారు కాదు. ఇన్నేళ్ళలో ఏ లోటూ చేయలేదు, ప్రేమగా ఒక మాట అన్నదీ లేదు. ఒక్కసారి మాత్రం, అమ్మాయి పుట్టిన ఏడాది నా కుడిచేతికి కట్టు వేస్తే నెల రోజులు ఆయనే జడ వేశారు, వంకరగా. ఇదే సమయంలో ఒక ప్రచురణకర్త నలభై వేలు ఇస్తే మొదటి నవలను పుస్తకంగా వేస్తామంటున్నారు. అమ్మాయి గురించిన ఘట్టమూ, పాఠకులు ఎక్కువగా మెచ్చుకున్న ముప్పై ఒకటో భాగమూ దీనితో పంపుతున్నాను. ఆ ముప్పై ఒకటో భాగం ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. రాయడం మానేయమంటారా?

జవాబు: మానేయవద్దు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయే వాటిలో మీకు కష్టం కలిగించేవి కూడా ఉన్నాయి.

మీ అమ్మాయి విషయంలో తప్పు మీదే. ఉంగరాన్ని మిఠాయి పెట్టెలో పెట్టి తిప్పి పంపడం, పెళ్ళికొడుకు మేనత్త అన్న మాట, ఆ రాత్రి పిల్ల వంటింటి గట్టు మీద కూర్చుని తెల్లవార్లూ మేలుకోవడం, ఇవన్నీ ఉన్నవున్నట్టు దించారు. బాగా రాశారు కూడా. కళ్ళు చెమర్చాయి. అందుకే ఇంకా పెద్ద తప్పు. ఆ పిల్ల ఆ రాత్రిని దాటి వేరే ఇంటికి వెళ్ళి కొత్త జీవితం కట్టుకుంది. అత్తగారింట్లో ఆ సంగతి ఎంత చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకునే హక్కు ఆమెది. ఆమెను అడగకుండా మీరు చెప్పేశారు.

రచయితలందరూ జీవితంలోంచే తీసుకుంటారని మీకు ఎవరైనా ధైర్యం చెప్పవచ్చు. అది నిజమే. ఇంగ్లండులో మేరీ వెస్లీ అనే రచయిత్రి ఉండేవారు. 1912లో పుట్టారు, 1970లో భర్త పోయారు, పెద్దల కోసం తొలి నవల 1983లో, డెబ్బై ఏళ్ళు నిండాక వెలువరించారు. ప్రేమ, శృంగారం, కుటుంబాల్లో దాచిన సంగతులు, ఇవే ఆమె కథలకు సరుకు. 1997 నాటికి పది నవలలు వచ్చాయి, లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. మీ వయసువారికి ఆమె పేరు చెప్పినప్పుడల్లా నాకు ఉత్సాహంగా ఉంటుంది. అయితే ఆమె నవలలోని కొన్ని పాత్రలు తమ తల్లిదండ్రులేనని తోబుట్టువు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ఆమె తెగువ నాకు ఇష్టం. ఆ తోబుట్టువు బాధా నాకు అర్థమవుతుంది. పైగా మీరు రాసింది గతించిన పెద్దల గురించి కాదు, ముప్పైల్లో ఉండి రేపు పొద్దున అత్తగారికి కాఫీ ఇవ్వవలసిన పిల్ల గురించి.

ఆ భాగాన్ని ఈరోజే యాప్ నుంచి తీసేయండి. ఇప్పటికే చదివినవాళ్ళ మనసులోంచి తీయలేరు, ఆ నిజాన్ని ఒప్పుకోండి. కథకు నిశ్చితార్థం తప్పిపోవడం అవసరమైతే వేరే ఉంగరం, వేరే మేనత్త, వేరే కారణం కల్పించండి. మూడు నవలలు రాసిన మీకు అది చేతకాని పని కాదు. తర్వాత హైదరాబాదు రైలెక్కండి. ఫోనులో చెప్పే క్షమాపణ దీనికి చాలదు. అమ్మాయి ఎదురుగా కూర్చుని "నిన్ను అడగకుండా రాశాను, తప్పు చేశాను" అని ఊరుకోండి. పాఠకులు ఎంత మెచ్చుకున్నారో, ఎంతమంది ఏడ్చారో ఆ పూట చెప్పకండి. ఆమె తిడితే పడండి. ఇక ముందు తన జీవితంలోని ఏ ముక్కా తనకు చూపించకుండా రాయనని మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

అబ్బాయికి ఇవ్వవలసిన జవాబు చిన్నది. "ఈ వయసులో" అన్న మాటకు మీరు సిగ్గుపడనక్కరలేదు. మీరు లెక్కల పుస్తకంలో దాచుకుని చదివిన ఆ నవలలు ఎవరు రాశారో ఒకసారి గుర్తుచేసుకోండి. 1940లో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారికి పాతికేళ్ళు వచ్చేసరికే తెలుగు నాట ఇంటింటా పేరుంది. వారపత్రికల్లో సీరియళ్ళ కోసం జనం ఎదురుచూసిన రోజులవి. రచయిత్రుల నవలలకు గిరాకీ ఎంత పెరిగిందంటే కొందరు మగవాళ్ళు ఆడవాళ్ళ పేర్లు పెట్టుకుని రాశారు. కాబట్టి కలం పేరు కూడా మీరు కనిపెట్టిన దొంగతనం కాదు. ఆ కథల్లో చాలావాటికి పెళ్ళిపీటల దగ్గర తెరపడేది. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద ఎలా గడుస్తాయో, మోకాళ్ళ నొప్పులు వచ్చాక కూడా ఒక మనిషి అడుగుల చప్పుడు కోసం చెవి ఎందుకు నిక్కుతుందో పాతికేళ్ళ పిల్ల రాయలేదు. మీరు రాయగలరు. మీ నాయిక చేత రక్తపోటు మాత్ర వేయించి, ఆ తర్వాత అద్దం ముందు నిలబెట్టారు చూడండి, ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. అబ్బాయితో గొడవపడకండి. "చదివి మాట్లాడు నాన్నా" అనండి, చాలు.

ప్రచురణకర్త సంగతి. రచయిత సొమ్ముతో పుస్తకం వేయడం మన దగ్గర మామూలే, అందులో పరువు తక్కువ ఏమీ లేదు. ఎన్ని ప్రతులు వేస్తారు, అమ్మకం ఎవరి బాధ్యత, మిగిలినవి ఎక్కడ ఉంటాయి అన్నది కాగితం మీద లేకపోతే మాత్రం కట్టలన్నీ చివరికి మీ మంచం కిందికే వస్తాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. ఏ హక్కు, ఎన్నేళ్ళకు, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. మన దేశంలో రచన మీద హక్కు రచయిత బతికినంత కాలమూ, ఆ తర్వాత అరవై ఏళ్ళూ ఉంటుంది. కలం పేరుతో అచ్చయి, అసలు పేరు బయటపడకపోతే అచ్చయిన ఏడాది దాటాక అరవై ఏళ్ళు. అంటే మీ నవలలు రేపు మీ పిల్లల ఆస్తి కూడా. "సర్వహక్కులూ శాశ్వతంగా" అన్న మాట కనబడితే సంతకం పెట్టకండి. యాప్‌తో మీకున్న ఒప్పందం వేరేచోట అచ్చు వేయడానికి ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోండి. ఆ నలభై వేలు ఇద్దరి పేరున ఉన్న డిపాజిట్ లోంచి తీయాలనుకుంటే మీవారికి చెప్పకుండా తీయవద్దు. ఇంట్లో ఇప్పటికే ఒక రహస్యం బద్దలైంది.

ఇక మీవారి ప్రశ్న. మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకూ కోపం వచ్చింది. భార్య నవల రాస్తే "అతను ఎవరు" అని అడగడం ఏమిటి అనిపించింది. రెండోసారి చదివాక అలా అనిపించలేదు. డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి, ప్రేమ కథలు ఎప్పుడూ ముట్టుకోని మనిషి, రెండు రాత్రులు ఆ చిన్న తెర మీద కళ్ళు పెట్టి మొత్తం చదివారు. అబ్బాయిలా నలుగురేమనుకుంటారని అనలేదు. అమ్మాయిలా గుట్టు రట్టయిందనీ అనలేదు. మీ మనసులో తనకు తెలియని గది ఒకటి ఉందని చూసి, అందులో ఎవరున్నారని అడిగారు. అడిగిన తీరు బాగాలేదు, పదహారు రోజుల మౌనం అంతకంటే బాగాలేదు. ఆ మౌనం ఆయన చేస్తున్న తప్పు, దానికి నేను వత్తాసు పలకను. కానీ మీరు ఇచ్చిన "ఎవరూ లేరు" అన్న జవాబు పూర్తి నిజం కాదని నాకు తోస్తోంది.

మీరు పంపిన ముప్పై ఒకటో భాగం ఇప్పుడు నా ముందుంది. జ్వరంతో లేవలేని నాయిక తల దగ్గర డాక్టరు కూర్చుంటాడు. చిక్కులు తీస్తాడు. మూడు పాయలు చేయబోతే నాలుగవుతాయి. మళ్ళీ విప్పుతాడు. చివరికి జడ ఎడమ చెవి వైపు వంకరగా వస్తుంది. ఆమె మూడు రోజులు దాన్ని విప్పుకోదు. ఈ ఘట్టం ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలియదని రాశారు. మీ ఉత్తరంలోనే, కొన్ని వాక్యాల ముందు, కట్టు వేసిన చేయీ ఆ వంకర జడా ఉన్నాయి. మీరు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే.

మీవారు దాన్ని గుర్తుపట్టారో లేదో నాకు తెలియదు. పట్టి ఉంటే, తాను చేసిన ఒక్క పనిని తీసుకెళ్ళి వేరే మగవాడి చేతిలో పెట్టారని బాధపడుతూ ఉండవచ్చు. పట్టకపోతే, ఆ పని తనదేనని, నెల రోజుల ఆ వంకర జడలు ముప్పై ఏళ్ళు దాటినా మీ లోపల చెక్కుచెదరలేదని ఆయనకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అలాగని డాక్టరు పూర్తిగా మీవారే అని అబద్ధం చెప్పకండి. ఆ డాక్టరు మాట్లాడతాడు, అలసిపోయావా అని అడుగుతాడు, వండింది బాగుందంటాడు. అవి మీరు నలభై ఏళ్ళు వినాలనుకుని వినని మాటలు. వాటిని మీరు కల్పించుకున్నారు. ఆ సంగతీ ఆయనకు తెలియాలి. దెప్పుతున్నట్టు కాకుండా, ఉన్నది ఉన్నట్టుగా.

మాటల్లో చెప్పలేకపోతే చదివి వినిపించండి. హైదరాబాదు వెళ్ళి వచ్చాక, రాత్రి భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, ముప్పై ఒకటో భాగం తీయండి. "ఇది మీ దగ్గర నుంచి తీసుకున్నాను, అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను" అని మొదలుపెట్టండి. ఆయన వెంటనే కరిగిపోతారని అనుకోవద్దు. మధ్యలో లేచి పడకగదిలోకి వెళ్ళిపోవచ్చు కూడా. వెళ్ళినా మీరు ఆపకండి, గొంతు కొంచెం పెంచి జడ ఘట్టం చివరి వరకూ చదవండి. పక్కగదిలోకి వినబడుతుంది.