పని పోయింది, ఈఎస్‌ఐ ఆదుకుంటుందా?

ప్రశ్న: జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో మూడేళ్లు పనిచేశాను. జీతం 18,000. ఆర్డర్లు లేవని జులై 31న పనిలోకి రావద్దన్నారు. నెలనెలా ఈఎస్‌ఐ పట్టుకునేవారు. పని పోయినవాళ్లకు ఈఎస్‌ఐ డబ్బిస్తుందట, నిజమేనా? అమ్మకు షుగర్ మందులు కూడా ఆ కార్డు మీదే తెస్తున్నాం. అవీ ఆగిపోతాయా?
– ఒక పాఠకుడు, షాపూర్‌నగర్

జవాబు: నిజమే. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజువారీ వేతనంలో సగం, 90 రోజుల వరకు ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. పని పోవడానికి ముందు రెండేళ్లు ఈఎస్‌ఐ కింద ఉండాలి. ఈమధ్యే ముగిసిన అక్టోబరు–మార్చి కాలంలో కనీసం 78 రోజుల చందా (జీతంలోంచి పట్టే ఈఎస్‌ఐ), దానికి ముందున్న మూడు ఆర్నెల్లలో ఏదో ఒకదానిలో మరో 78 రోజుల చందా ఉండాలి. మూడేళ్లు మానకుండా చేశారు కాబట్టి మీకు ఇబ్బంది ఉండదు.

లెక్క ఇలా వేస్తారు: నాలుగు చందా కాలాల (ఒక్కోటి ఆర్నెల్లు, అంటే రెండేళ్ల) మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. మీకు 4,32,000ను 730తో భాగిస్తే రోజుకు సుమారు 592, అందులో సగం 296. తొంభై రోజులకు 26,600 పైచిలుకు. జీతం కోతపడిన నెలలుంటే ఇదీ తగ్గుతుంది.

చిక్కంతా యజమాని చేతిలో ఉంది. ఈఎస్‌ఐ పోర్టల్లో మీ చివరి పనిదినం, పేరు తీసేసిన కారణం ఎక్కించేది ఆయనే. ‘మానేశారు’, ‘రిట్రెంచ్‌మెంట్’ (పని లేక యజమానే తీసేయడం) అన్నవి అక్కడ వేర్వేరు కోడ్‌లు. క్రమశిక్షణ చర్య మీద తీసేసినా, పదవీ విరమణ, స్వచ్ఛంద విరమణ చేసినా ఈ భత్యం రాదు. కాబట్టి లెక్కల గుమాస్తాను ఇప్పుడే పట్టుకుని ఏం రాశారో అడగండి. కుదిరితే మాన్పించినట్టు కాగితం మీద రాయించుకోండి. నోటిమాట ఆఫీసులో పనికిరాదు.

అసలు ముందు చూడాల్సింది ఇంకోటి. చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా, ఫ్యాక్టరీ మూతపడినా రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. రెండేళ్ల చందా ఉంటే మొదటి ఏడాది వేతనంలో 50 శాతం, రెండో ఏడాది 25 శాతం ఇస్తారు. మీకు అది వర్తిస్తే తొంభై రోజుల భత్యంతో సరిపెట్టుకోకండి.

అటల్ యోజనకు పని పోయిన 30 రోజుల తర్వాత మీ ఈఎస్‌ఐ లాగిన్‌లో దరఖాస్తు చేయాలి. యజమాని సంతకం అక్కర్లేదు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ చేసి జతచేయండి. అవి ఎక్కకపోతే దరఖాస్తు ప్రింటు తీసి, సంతకం చేసి, నకళ్లతో మీ బ్రాంచి ఆఫీసులో ఇవ్వండి. ఒకప్పుడు అడిగిన స్టాంపు పేపరు అఫిడవిట్‌ను 2020లోనే తీసేశారు. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. ఆధార్‌లో, ఈఎస్‌ఐలో పేరు ఒకేలా ఉందా చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంతో ఉన్నా మెలిక పడొచ్చు. 2018 జులై 1న మొదలైన ఈ పథకాన్ని గడువు పొడిగిస్తూ నడుపుతున్నారు. ఇప్పటి గడువు ఎంతవరకో బ్రాంచిలోనే అడగండి.

మందుల సంగతికి భయం లేదు. అక్టోబరు–మార్చి చందా ఈ డిసెంబరు దాకా వైద్యం ఇస్తుంది. ఏప్రిల్ నుంచి జులై వరకు 78 రోజులు దాటాయి కనుక వచ్చే జనవరి నుంచి జూన్ దాకా కూడా అమ్మగారికి ఆ కార్డు చెల్లుతుంది.