పియానో లోన్ కన్నా ముందు కంపోజిషన్ క్లాసుల గంటలు లెక్కేయండి

ప్రశ్న: నెల్లూరు వేదాయపాళెంలో ఇంటి దగ్గరే పియానో నేర్పుతాను. 18 మంది పిల్లలు, వారానికి రెండు క్లాసులు, ఒక్కొక్కరికి విడిగా 45 నిమిషాలు, నెలకు 1,500. మరో నలుగురికి వారానికి గంట అనాలిసిస్ (పెద్దవాళ్ల సంగీతం ఎలా అల్లారో విడదీసి చూడడం), కంపోజిషన్ (సొంతంగా సంగీతం రాయడం), నెలకు 2,000. స్కోరు, అంటే స్వరాలు రాసిన కాగితం చదువుకోవడానికి, వాళ్లు రాసింది దిద్దడానికి క్లాసుకు ఇంకో గంటన్నర పడుతుంది. ఇంటి ఖర్చు 21,000, పొదుపు 60,000. 88 కీల డిజిటల్ పియానో ఉంది. చెన్నైలో పాత అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండే అసలు పియానో) 3 లక్షలకు వస్తోంది. అది ఉంటే కంపోజిషన్‌కు ఇంకొందరు చేరతారు. పర్సనల్ లోన్ తీసుకోనా?

జవాబు: ఇప్పుడు వద్దు. మీ వసూలు 35,000 అన్నది నిండు నెల లెక్క. మార్చిలో పరీక్షల పిల్లలు మానేస్తారు, మేలో మిగతావాళ్లు ఊళ్లకు పోతారు. ఏడాదికి పది నెలల వసూలే, అంటే 3.5 లక్షలే ఖాయం అనుకోండి. పన్నెండు నెలలకు సర్దితే నెలకు 29,000 పైచిలుకు. ఖర్చు పోను మిగిలేది 8,000. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అయితే ఈఎంఐ 10,250 దాటుతుంది, వడ్డీయే 69,000.

ఇక కంపోజిషన్ సంగతి. పిల్లల పియానో క్లాసు మీకు గంటకు 250 తెస్తోంది. కంపోజిషన్ గంటకు 500 అనిపిస్తుంది గానీ, బయటి గంటన్నర కలిపితే నెలకు 40 గంటలకు 8,000. అంటే గంటకు 200! సరిగమలు మొదలుపెట్టిన పిల్లల కన్నా తక్కువ. ఈ పద్ధతిలో ఇంకో నలుగురిని చేర్చుకుంటే ఒళ్లు అలసిపోవడమే మిగులుతుంది.

దిద్దడమే ఎక్కువ సమయం తింటుంది. నాలుగు గొంతులు ఒకేసారి పాడేలా రాసే హార్మనీలో, రెండేసి గొంతులు కలిపి చూస్తే ఆరు జంటలు. ప్రతి జంటలో పారలల్ ఫిఫ్త్‌లు, ఆక్టేవ్‌లు (రెండు గొంతులు ఐదు లేదా ఎనిమిది స్వరాల దూరం మారకుండా కలిసి కదిలే తప్పులు) వెతకాలి, లీడింగ్ నోట్ (పై షడ్జమానికి ముందుండే స్వరం) ఎటు పోయిందో చూడాలి. విద్యార్థి నలభై బార్లు (తాళం ప్రకారం గీతలతో విడదీసిన చిన్న భాగాలు) తెస్తే మూడో బారులో చేసిన తప్పే చివరిదాకా చేసుంటాడు. దాన్నే నలభై బార్లలో దిద్దుతారు. అందుకే 8 బార్లు మించి తీసుకోకండి. క్లాసుకు రెండు రోజుల ముందే ఫోన్‌లో ఫొటో పంపమనండి, ఆలస్యమైతే క్లాసులోనే దిద్దండి.

అనాలిసిస్ నలుగురికీ కలిపి నెలకు రెండుసార్లు, గంటన్నర చొప్పున చెప్పండి. నెలంతా ఒకే స్కోరు, బేతోవెన్ పియానో రచన సొనాటాలో ఒక మూవ్‌మెంట్ (ఒక భాగం) చాలు. వాటికి కాపీరైట్ ఎప్పుడో ముగిసింది, పాత ముద్రణ ప్రింటు తీసి ఇవ్వొచ్చు. కంపోజిషన్ మాత్రం విడిగానే, ఒక్కొక్కరికి నెలకు రెండు గంటలు. అనాలిసిస్ క్లాసులు 3 గంటలు, దానికి తయారీ 3, కంపోజిషన్ క్లాసులు 8, దిద్దడం ముప్పావు గంట చొప్పున 6. మొత్తం 20 గంటలు. అదే 8,000కి గంటకు 400 పడుతుంది.

ఫీజు మూడు నెలలకోసారి ముందుగా తీసుకోండి; ముందురోజు చెప్పకుండా మానేస్తే ఆ క్లాసు పోయినట్టే. ఆ డబ్బు వేరే ఖాతాలో ఉంచి, ఒకటో తేదీన 21,000 మాత్రం ఇంటికి మార్చుకోండి. చెప్పని క్లాసుల డబ్బు ఇంకా మీది కాదు.

మిగిలే 8,000లో 5,000 ఆర్‌డీలో వేస్తే, 60,000తో కలిపి పదమూడు నెలల్లో ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంటుంది. 3,000 ఆరోగ్య బీమాకు. జీఎస్‌టీ బెంగ వద్దు, వసూళ్లు ఏడాదికి 20 లక్షలు దాటితేనే ఆ మాట. పన్ను పడకపోయినా రిటర్ను వేస్తుండండి, రేపు బ్యాంకువాళ్లు మొదట అడిగేది అదే.

తర్వాత అప్‌రైట్ కొనేటప్పుడు మన ఊరి గాలి గుర్తుంచుకోండి. అక్టోబరు, నవంబరు వానలకు సౌండ్‌బోర్డు (లోపల నాదం పలికించే చెక్క పలక) ఉబ్బి శ్రుతి పెరుగుతుంది, ఎండాకాలం దిగుతుంది, తీగలు తుప్పు పడతాయి. ఏడాదికి కనీసం రెండుసార్లు ట్యూనర్‌ను పిలిపించాలి. చెన్నై నుంచి రావాలంటే రానుపోను ఖర్చు మీదే. బేరమాడే ముందే ఆ ట్యూనర్‌తో ట్యూనింగ్ పిన్నులు (తీగలు బిగించే మేకులు) తిప్పించి చూడండి. వదులైతే శ్రుతి నిలవదు, సగం ధరకు ఇచ్చినా తీసుకోకండి.