సందేహాలు – సమాధానాలు: ఒంటరి, ఏకాకి ఒకటేనా?

సందేహం: లాస్ ఏంజిలిస్‌లో జరిగే నువార్ (నేరం, నిరాశ నిండిన చీకటి వాతావరణపు కథ) మిస్టరీ నవల రాస్తున్నాను. సినిమా వేషం కోసం వచ్చి లాడ్జి గదిలో చనిపోయిన అమ్మాయి, ఆ చావు వెనక నిజం కోసం తిరిగే ప్రైవేటు డిటెక్టివ్, ఇద్దరూ పై ఊళ్ల వాళ్లే. అతన్ని ‘ఒంటరి తోడేలు’ అన్నాను. ‘ఒంటరి’ విశేషణం మాత్రమే, మనిషిని ‘ఏకాకి’ అనాలని మిత్రుడి వాదన. ఏది సరి? నువార్‌ను తెలుగులో ఏమనాలి?

సమాధానం: మిత్రుడి మాట వదిలెయ్యండి. ఒకటి అనే అర్థమున్న ‘ఒంటి’కి ‘అరి’ చేరి ఒంటరి. నేర్పరి, టక్కరి, సొగసరి మనుషులైనప్పుడు ఒంటరి ఎందుకు కాడు? ‘ఒంటరివాడు’ అన్నా తప్పనను, వాడుకలో స్థిరపడింది.

అసలు ఈ మాటకి జాలి తగిలించింది మనమే. ప్రభుత్వ ఉత్తర్వుల్లో ‘కాపు, తెలగ, బలిజ, ఒంటరి’ అని కులాల పేర్లు చదువుతుంటాం కదా, ఆ ఒంటరి ఇదే, తోడు లేకుండా నిలిచి పోరాడే బంటు అని పెద్దలు చెబుతారు. నాకు ఈ మాట వినగానే తిక్కన విరాటపర్వం గుర్తొస్తుంది. అర్జునుడు మొత్తం కౌరవసేన మీదికి వస్తున్నాడు, సారథిగా ఉత్తరుడున్నా యుద్ధం చెయ్యాల్సింది తనొక్కడే. ‘సింగం బాకటితో గుహాంతరమునం...’ అని మొదలవుతుంది పద్యం. ఆకలితో గుహలో పడి ఉన్న సింహం ఏనుగుల గుంపుని చూసి లేచింది. ఆ తర్వాత తిక్కన వేసిన సమాసం చూడండి: ‘కాంతారనివాసఖిన్నమతి’. అడవిలో బతికి బతికి మనసు నలిగిపోయినవాడు! పరాక్రమం చెబుతూ మధ్యలో ఆ నలుగుడు కూడా చెప్పాడు, అక్కడే నేను ప్రతిసారీ ఆగిపోతాను. సొంత ఊరు లేక, మారుపేరుతో మరొకరి కొలువులో ఏడాది తలదాచుకున్నవాడి ఒంటరితనం అది.

మీ డిటెక్టివ్‌దీ అదే జాతి. లాస్ ఏంజిలిస్‌కి అలాంటి డిటెక్టివ్‌ని ఇచ్చిన రచయిత రేమండ్ చాండ్లరే పై ఊరివాడు. 1888లో షికాగోలో పుట్టి, ఇంగ్లండులో పెరిగి, లాస్ ఏంజిలిస్ చేరి, 1932లో చమురు కంపెనీ ఉద్యోగం పోగొట్టుకున్నాక కథలు మొదలుపెట్టాడు. 1939 నాటి తొలి నవల నుంచీ ఆయన డిటెక్టివ్ మార్లో రాత్రుళ్లు చదరంగం బల్ల ముందు తనొక్కడే కూర్చుని రెండు వైపుల పావులూ తనే కదుపుతాడు. ఒంటరి అంటే అతను. మన కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లో డిటెక్టివ్ యుగంధర్‌కి మద్రాసులో పక్కన అసిస్టెంటు రాజు ఉండేవాడు, అందుకే ఆయన్ని అలా అనలేం.

ఇక ‘ఒంటరి తోడేలు’. దయచేసి కొట్టెయ్యండి! ఇంగ్లీషు ‘లోన్ వుల్ఫ్’ని ఇలా ముక్కకి ముక్క దించితే చదివేవాడికి ఏం కనిపిస్తుంది? పలమనేరు, కుప్పం వైపు అడిగితే ఒంటరి ఏనుగు అంటే ఏమిటో చెబుతారు. మంద నుంచి విడిపోయి, రాత్రిపూట చేలల్లో పడేది. పోలికే కావాలంటే అది ఉంది. నా అన్నవాళ్లు లేని మనిషైతే ‘ఒంటికాయ శొంఠికొమ్ము’ ఉండనే ఉంది, మా అమ్మమ్మ నోట రోజూ వినేవాణ్ణి, ఇప్పుడు కథల్లో ఎక్కడా కనిపించదు.

ఏకాకి సంస్కృతం, కాకితో సంబంధం లేదు. నా చెవికి అందులో దిక్కులేనితనం వినిపిస్తుంది. డిటెక్టివ్‌ని ఒంటరి అనీ, గదిలో చనిపోయిన అమ్మాయిని ఏకాకి అనీ రాస్తే తేడా నిలుస్తుంది. కానీ ఇది నా ఇష్టమే, నిఘంటువులు అంత గీత గియ్యవు.

నువార్ ఫ్రెంచిలో నలుపు. మనకి నల్లబజారు, నల్లధనం ఉన్నాయి కాబట్టి ‘నల్ల నవల’ అంటే దొంగచాటుగా అచ్చేసిందనుకుంటారు. ‘చీకటి నవల’ అందామంటే చీకటితప్పు అడ్డొస్తుంది. ప్రస్తుతానికి నువార్ అనే ఉంచండి. డిటెక్టివ్ నవలలకి వాడిన పాత ‘అపరాధ పరిశోధన’ బరువైన మాటే కానీ, అట్ట మీద చిన్న అక్షరాల్లో వేస్తే నేను సంతోషిస్తాను.